అన్నయ్య స్టేటస్‌లో పెట్టని కొండ

విదేశాల్లో ఉన్నవాళ్ల గురించి మన హాస్టల్లో ఒక గట్టి అభిప్రాయం ఉంది. వాళ్లు శుక్రవారం దాకా పని చేస్తారు. శనివారం పొద్దున్నే ఏదో ఒక మంచుకొండ ముందు నిలబడి, రెండు చేతులూ చాపి ఫొటో దిగుతారు. ఆదివారం అది ఇన్‌స్టాలో పడుతుంది. సోమవారం అది చూసి మనం ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ ఫీజు ఎంతో కనుక్కుంటాం.

నేనూ అంతే అనుకునేవాణ్ణి. 2025 వేసవిలో మూడో సంవత్సరం పరీక్షలయ్యాక పది వారాల ఇంటర్న్‌షిప్‌కి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాను. ఉన్నది మా పెదనాన్న కొడుకు దగ్గర. అన్నయ్య ఆరేళ్ల కింద ఎంఎస్‌కి వెళ్లి, చదువయ్యాక అక్కడే కార్ల విడిభాగాల కంపెనీలో చేరాడు. బ్రేకులకి సంబంధించిన సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

పది వారాలు ఒకే ఇంట్లో ఉంటే స్టేటస్‌లో కనిపించని మనిషి కనిపిస్తాడు. ఆ పది వారాల్లో మేం ఒక్కసారే కొండలకి వెళ్లాం. నాలుగు రోజులు. అన్నయ్య అంత హాయిగా నవ్వడం నేను ఈ మధ్య కాలంలో చూడలేదు. కానీ ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా తను ఎక్కడా పెట్టలేదు. "ఫ్యామిలీ గ్రూపులో మాత్రం వెయ్యకురా" అని నాకూ చెప్పాడు.

చూపించుకోవడం కోసమే కొండలకి వెళ్తారని మనం అనుకునే మనిషి, వెళ్లొచ్చి దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడన్నదే నేను రాయాలనుకున్నది. ఎందుకంటే ఆ దాపరికంలో మనందరి వాటా ఉంది.

మంగళవారం ఎలా ఉంటుంది

ముందు కొండ సంగతి పక్కన పెట్టి, ఒక మామూలు మంగళవారం చెబుతాను.

అలారం ఆరుంబావుకి. మన దగ్గర అప్పటికి పావుతక్కువ పది. పెద్దమ్మ గేదెల పని, వంట ముగించుకుని ఫోన్ దగ్గర కూర్చునే టైమ్ అది. అన్నయ్య స్పీకర్ ఆన్ చేసి, ఒక చేత్తో బ్రష్ చేసుకుంటూ మాట్లాడతాడు. "తిన్నావా?" "తిన్నానమ్మా." అప్పటికి పొయ్యి కూడా వెలిగించలేదు. రాత్రి మిగిలిన పప్పు, అన్నం డబ్బాలో పెట్టుకుని లోకల్ రైలెక్కుతాడు. సాయంత్రం వచ్చేదారిలో సూపర్ మార్కెట్. వెళ్లేటప్పుడు సంచిలో ఖాళీ సీసాలు తీసుకెళ్తాడు. అక్కడ ప్లాస్టిక్ సీసా కొన్నప్పుడే దానిమీద 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు. ఖాళీ సీసా మెషిన్లో వేస్తే ఆ డబ్బుకి చీటీ వస్తుంది. చదువుకునే రోజుల్లో నెలాఖరున ఆ చీటీలతోనే పాలు, బ్రెడ్ కొనుక్కునేవాడట. ఇప్పుడు జీతం వస్తున్నా ఒక్క సీసా కూడా పారెయ్యడు.

ఇంటికొస్తే పోస్టు డబ్బాలో ఉత్తరాలు. అక్కడ బ్యాంకైనా, ఇన్సూరెన్సయినా, ప్రభుత్వ ఆఫీసైనా ఇంకా కాగితం మీదే మాట్లాడుతుంది. టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము ఉంటుంది. దానికీ ఉత్తరమే. ఆరేళ్లయినా ఆఫీసు భాషలో రాసిన ఉత్తరం వస్తే అన్నయ్య దాన్ని రెండుసార్లు చదువుతాడు, తర్వాత ఫోన్ కెమెరా పెట్టి అనువాదం కూడా చూసుకుంటాడు. ఏ గడువు దాటిపోతుందోనని భయం. చెత్తలో కాగితాలు వేరు, కూరగాయల తొక్కలు వేరు, మిగతాది వేరు. శనివారం రాత్రి ఎనిమిదయ్యాక ఉల్లిపాయలు లేవని గుర్తొస్తే అంతే సంగతులు. ఆదివారం స్టేషన్లో ఒకటో రెండో కొట్లు తప్ప అన్నీ మూతే.

ఇవేవీ కష్టాలని చెప్పడం లేదు. మన హాస్టల్ మెస్ కన్నా ఎన్నో రెట్లు నయం. కానీ ఈ మంగళవారాలు ఏడాదికి చాలా ఉంటాయి, కొండలు కొన్నే ఉంటాయి. మనం మాత్రం కొండని చూసి నిర్ణయం తీసుకుంటున్నాం.

నన్ను ఎక్కువ పట్టిపీడించింది వేరే సంగతి. మొదటి వారంలో ఒకరోజు అన్నం తింటూ అన్నయ్య అన్నాడు: "ఒరేయ్, ఈ ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషితో తెలుగులో మాట్లాడి ఎనిమిది నెలలైంది." లెక్క అంత కచ్చితంగా గుర్తుండటం నాకు కొంచెం భయమేసింది.

ఫ్రిజ్ మీద లెక్క

వాళ్ల ఫ్రిజ్ మీద ఒక కాగితం క్యాలెండర్ ఉంది. దానిమీద పెన్సిల్‌తో గీతలు. ఏడాదికి 30 రోజుల సెలవు. మనకి వినడానికి చాలా ఎక్కువ. అందులో 16 జనవరిలోనే అయిపోయాయి, మా అక్క పెళ్లికి. డిసెంబర్లో ఊరెళ్లడానికి 10 పక్కన పెట్టాడు. వీసా ఆఫీసులో పనికి ఒకటి, ఇల్లు మారినప్పుడు ఒకటి. ఇక మిగిలినవి 2.

జూన్ మొదట్లో పెదనాన్నకి గుంటూరులో మోకాలి ఆపరేషన్ అని తెలిసింది. పెద్దమ్మ నోరు తెరిచి "రా" అనలేదు. "అందరి పిల్లలూ వస్తున్నార్రా, పక్క బెడ్ ఆయన కొడుకు బెంగుళూరు నుంచి వచ్చాడు" అని మాత్రం అంది. అన్నయ్య "సెలవు లేదమ్మా" అన్నాడు. డబ్బు పంపాడు. ఆపరేషన్ రోజు తెల్లవారుజామున మూడింటి నుంచి మెలకువగా ఉండి, ఫోన్ చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. అంతా బాగానే జరిగింది. వారంలో పెదనాన్న ఇంటికి వచ్చి వాకర్ పట్టుకుని నడిచాడు.

తర్వాత జూన్ 19న బవేరియా రాష్ట్రంలో ఒక క్రైస్తవ పండుగ. అది ఏటా గురువారమే వస్తుంది. మధ్యలో శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. ఇలా రెండు సెలవుల మధ్య పడే రోజుని వాళ్లు 'వంతెన రోజు' అంటారు. అన్నయ్య మేనేజరే వచ్చి అడిగాడట, "నువ్వు ఎందుకు వంతెన వేసుకోవడం లేదు?" అని. అడిగాక కూడా రెండు రోజులు తటపటాయించాడు. చివరికి నా పేరు చెప్పుకుని ఒప్పుకున్నాడు: "నువ్వు అంత దూరం నుంచి వచ్చావు, నీకు చూపించాలి కదా."

గమనించారా? తనకి కావాలి కాబట్టి వెళ్దామని అనలేకపోయాడు.

కొండ దగ్గర

వెళ్లింది బెర్ఖ్‌టెస్‌గాడెన్. ఆస్ట్రియా సరిహద్దులో, మ్యూనిక్ నుంచి మామూలు రైల్లో ఒక మార్పుతో మూడు గంటల లోపు. ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. దేశమంతా లోకల్ రైళ్లూ, బస్సుల్లో తిరగడానికి నెలవారీ పాస్ ఉంది, 2025లో దాని ధర 58 యూరోలు. అది ఎటూ ఆఫీసుకి కావాలి కాబట్టి ప్రయాణానికి విడిగా ఏమీ పడలేదు. ఊరి శివారులో ఒక రైతు ఇంట్లో గది తీసుకున్నాం. రైస్ కుక్కర్ సంచిలో పెట్టుకునే బయల్దేరాం, అది వేరే చెప్పాలా.

మొదటి రోజంతా అన్నయ్య ఆఫీసులో ఉన్నట్టే ఉన్నాడు. ఎక్సెల్ షీట్ తయారు చేసుకొచ్చాడు. ఎన్నింటికి ఏ బస్సు, ఎక్కడ ఎన్ని నిమిషాలు. కొండ కనిపించగానే ఎత్తు చెప్పాడు: "అది వాట్స్‌మన్, 2713 మీటర్లు." తర్వాత వాచీ చూసుకున్నాడు. ప్రతి పది నిమిషాలకీ ఫోన్ తీసి ఆఫీసు మెయిల్ చూశాడు. పండుగ రోజు, మెయిల్ పంపేవాళ్లే లేరు. అయినా చూశాడు.

రెండో రోజు క్యోనిగ్స్‌జే సరస్సు మీద పడవ. నిటారు కొండల మధ్య సన్నగా, పొడుగ్గా ఉంటుంది ఆ సరస్సు. అక్కడ 1909 నుంచీ బ్యాటరీ పడవలే నడుస్తాయి. ఈఈఈ వాళ్లు గమనించాలి, నూటపదహారేళ్ల కింద! ఇంజిన్ చప్పుడు లేదు. సగం దారిలో పడవ ఆపేసి, పడవ నడిపే అతను బాకా లాంటి వాద్యం తీసి ఒక చిన్న వరుస ఊదాడు. ఊది ఆగాడు. రెండు క్షణాల తర్వాత కొండ అదే వరుసని తిరిగి ఊదింది. పడవలో ఎవ్వరూ మాట్లాడలేదు. అన్నయ్య ఫోన్ జేబులోనే ఉంది. తియ్యడం మర్చిపోయాడు.

చివరి రేవులో దిగి ఇంకో చిన్న సరస్సు ఒడ్డున నడిచాం. అక్కడి దారి గుర్తులు పసుపు రంగు బోర్డులు. మన రోడ్ల మీద లాగా కిలోమీటర్లు రాయలేదు, ఎంతసేపు పడుతుందో రాశారు. అరగంట, గంటంపావు, మూడు గంటలు. కొండ దారిలో దూరం కన్నా ఎక్కడమూ దిగడమే ముఖ్యం కాబట్టి అలా రాస్తారు. అన్నయ్య ఎక్సెల్ షీట్ ఆ బోర్డుల ముందు పనికిరాలేదు. ఒకచోట బోర్డు మీద ఉన్న టైమ్ కన్నా మాకు ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది. మమ్మల్ని దాటుకుంటూ డెబ్బై ఏళ్ల మామ్మగారు ఒకావిడ నవ్వి పలకరించి వెళ్లిపోయింది. సిగ్నల్ అప్పటికే పోయింది.

సరస్సు అవతలి ఒడ్డున వేసవి మేత కోసం ఆవుల్ని తోలుకొచ్చే పచ్చిక, ఒక చెక్క ఇల్లు. అక్కడే తీసిన పాలు, వెన్న, జున్ను లాంటి చీజ్. గ్లాసుల్లో మజ్జిగ అమ్ముతున్నారు. మజ్జిగే! ఉప్పు లేదు, కరివేపాకు లేదు, కానీ మజ్జిగ. అన్నయ్య రెండు గ్లాసులు తాగి, బెంచీ మీద వెనక్కి వాలి, బూట్లు విప్పేశాడు. నలభై నిమిషాలు ఏమీ చెయ్యలేదు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే నాకు చేతకావట్లేదు. నా చెయ్యి ఫోన్ కోసం జేబు తడుముతూనే ఉంది. గంట కట్టిన ఆవు ఒకటి వచ్చి బెంచీ పక్కన నిలబడింది. అప్పుడు అన్నయ్య నవ్వాడు, నేను ఫొటో తీశాను.

ఆఖరి పడవ దాటిపోకుండా రేవుకి తిరిగొచ్చాం. పడవ దిగి బస్సు స్టాపుకి వచ్చేసరికి సిగ్నల్ వచ్చింది. పెద్దమ్మవి రెండు మిస్డ్ కాల్స్. అన్నయ్య ముఖం మారిపోయింది. వెంటనే ఫోన్ చేసి "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అన్నాడు. పండుగ సెలవు మర్నాడు, సరస్సు పక్కన నిలబడి, బూటు లేసులు కూడా సరిగ్గా కట్టుకోకుండా, మీటింగ్‌లో ఉన్నానన్నాడు.

సెలవు ఎవరివ్వాలి

ఆ రాత్రి అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని. "నాన్న వాకర్ పట్టుకుని నడుస్తుంటే నేను కొండలు చూస్తున్నానని ఎలా చెప్పమంటావు? సెలవు లేదన్నాను కదా" అన్నాడు. "నిజంగానే లేదుగా?" అన్నాను. "లేదు. కానీ ఇది ఉంది. అది అమ్మకి ఎలా అర్థమవుతుంది?"

మన క్లబ్బు తెలుగు క్లబ్బు కాబట్టి ఇక్కడ ఒక మాట పట్టుకుంటాను. సెలవు అంటే మనకి లీవ్ ఒక్కటే కాదు. సెలవు అంటే అనుమతి. పెద్దవాళ్లు మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. వెళ్లేటప్పుడు 'సెలవు తీసుకుంటాను' అంటాం. అంటే సెలవు ఒకరు ఇవ్వాలి, ఇంకొకరు పుచ్చుకోవాలి. తనంతట తాను వేసుకునేది కాదు. ఇంకో మాట తీరిక. పని తీరాక వచ్చేది తీరిక. పని తీరకపోతే? మన దగ్గర ఎవరి పనైనా ఎప్పుడైనా తీరిందా?

తమాషా ఏంటంటే, జర్మన్ భాషలోనూ సంగతి అదే. వాళ్ల 'ఉర్లావుబ్' అనే మాటకి మొదటి అర్థం అనుమతే. పాతకాలంలో ప్రభువు దగ్గర వీరుడు వెళ్లిరావడానికి పుచ్చుకునే అనుమతి. ఇంగ్లీషు 'లీవ్' కూడా అంతే. మూడు భాషలూ ఒకే చోట మొదలయ్యాయి. కానీ వాళ్లు 1963లో ఒక సెలవుల చట్టం చేసుకున్నారు. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకి ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో సెలవు హక్కు. అందులో ఒక విడత రెండు వారాలు వరుసగా ఉండాలన్నది నియమం. సెలవు ఉద్దేశానికి అడ్డొచ్చే ఉద్యోగం సెలవుల్లో చేయకూడదు. సెలవులో జ్వరమొస్తే, డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఆ రోజులు సెలవు లెక్కలోంచి తీసెయ్యాలి. ఎందుకంటే ఆ చట్టం దృష్టిలో సెలవు ఉన్నది కోలుకోవడానికి. ఆ మాటే చట్టంలో రాసుకున్నారు. జ్వరంతో పడుకుంటే కోలుకున్నట్టు కాదు కదా.

మనకీ చట్టాలు లేకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెద్దవాళ్లకి ప్రతి 20 పనిదినాలకి ఒకరోజు జీతంతో సెలవు అని అప్పట్లోనే రాసింది. కానీ చట్టం ఆఫీసు గేటు దాకానే వస్తుంది. ఇంట్లో సెలవు ఎవరిస్తారు? అన్నయ్యకి మేనేజర్ ఇచ్చాడు, దేశం ఇచ్చింది. ఇవ్వనిది ఇల్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇల్లు ఇవ్వదేమో అనే భయం. ఆ భయం విమానంలో చెకిన్ బ్యాగేజీ తూకం లేకుండా మనతో పాటే వస్తుంది.

నా అభిప్రాయం ఇది. మనవాళ్లు బయటి దేశానికి పని నేర్చుకుని వెళ్తున్నారు, తీరిగ్గా కూర్చోవడం నేర్చుకోకుండా వెళ్తున్నారు. అది అక్కడికెళ్తే దానంతట అదే వచ్చేది కాదు. అది ఇక్కడే, మన దగ్గరే నేర్చుకోవాలి. లేకపోతే కొండ మీద కూర్చున్నా ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

"ఇదంతా డబ్బున్నవాళ్ల మాట"

ఇది చదువుతూ మీలో కొందరు అనుకుంటూ ఉంటారు: అన్నయ్యకి ఆ మాట చెల్లుతుంది, మరి పెదనాన్నకి? నిజమే. ఆయన రైతు. మూడు గేదెలు ఉన్నాయి. గేదెకి ఆదివారం తెలియదు. నాకు తెలిసి పెదనాన్న జీవితంలో నాలుగు రోజులు వరుసగా పనికి దూరంగా ఉన్నది ఆ మోకాలి ఆపరేషన్‌కే. కొండ మీద మేం మజ్జిగ తాగిన చెక్క ఇంట్లో కూడా, మేం బూట్లు విప్పి కూర్చున్నప్పుడు ఇద్దరు మనుషులు పరుగెత్తుతూనే ఉన్నారు. ఆవులు అక్కడా పండుగలని చూసి పాలివ్వడం మానెయ్యవు.

అది నేను కాదనను. కానీ పెదనాన్నకి సెలవు లేదు కాబట్టి అన్నయ్య కూడా తీసుకోకూడదంటే, దానివల్ల పెదనాన్నకి ఒక్క గంట కూడా కలిసిరాదు. కలిసొచ్చేది వేరే పనివల్ల. అన్నయ్య డిసెంబర్ కోసం దాచిన పది రోజుల్లో రెండు రోజులు గేదెల పని తను చూసుకుని, పెద్దమ్మనీ పెదనాన్ననీ సూర్యలంక బీచికి పంపిస్తే కలిసొస్తుంది. సెలవు అన్నది ఒకరు మానుకుంటే ఇంకొకరికి చేరే వస్తువు కాదు. ఒకరి పని ఇంకొకరు కాసేపు మొయ్యాలి, అప్పుడే చేరుతుంది.

ఇంకో వాదన: అప్పుంది, ముందు అది తీరాలి. ఇదీ నిజమే. జర్మనీ స్టూడెంట్ వీసాకి మామూలుగా ముందే 11,904 యూరోలు ఏడాది ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. దానికోసం పొలం మీద అప్పు తెచ్చిన ఇళ్లు నాకు తెలుసు, మాది వాటిలో ఒకటి. 'జర్మనీలో చదువు ఫ్రీ' అనే మాట కూడా ఇప్పుడు అన్నిచోట్లా నిజం కాదు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలపు సెమిస్టర్ నుంచి మనలాంటి బయటి దేశాల కొత్త విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటోంది. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు గట్టిగా పనిచెయ్యాలి, ఒప్పుకుంటాను. కానీ అన్నయ్య అప్పు తీరి రెండేళ్లయింది. తీరాక కూడా ఆ మెయిల్ చూసుకునే చెయ్యి ఆగలేదు. అప్పు తీరేలోపు అలవాటు ముదిరిపోయింది. నేను చెప్పే ప్రమాదం అదీ.

పెద్దమ్మ ఏమంది

ఆగస్టులో తిరిగొచ్చి నరసరావుపేట దగ్గర మా ఊరెళ్లాను. పెద్దమ్మకి ల్యాబ్ ఫొటోలు చూపిస్తున్నాను. వద్దనేలోపే ఆవిడ వేలితో ఒకటి ముందుకి జరిపింది. ఆవు, బెంచీ, బూట్లు లేని అన్నయ్య.

"ఇదేందిరా, ఈ ఆవు మెళ్లో అంత గంట? నిద్ర పోనిస్తదా దాన్ని?" అంది ముందు. తర్వాత అన్నయ్య ముఖం పెద్దది చేసి చాలాసేపు చూసింది. "ఎప్పుడు తీసింది?"

అబద్ధం ఆడలేకపోయాను. "జూన్‌లో పెద్దమ్మా."

"మీ పెదనాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాకా?"

"ఆఁ. నాలుగు రోజులు. సెలవు పెట్టింది ఒక్కరోజే, మిగతావి పండుగ, శని ఆదివారాలు."

ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "నాలుగు రోజుల్లో ఇక్కడికొచ్చి పోవాలంటే రెండు రోజులు దారికే పోద్ది."

"అవును."

"మరి దాచడమెందుకు? నేనేమన్నా అంటాననా?"

నేను మాట్లాడలేదు. గేదెకి కుడితి పెట్టొచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ తనే అంది: "అంటానేమోలే."

ఆ మాట నిజాయితీ నన్ను ఇప్పటికీ వదల్లేదు. తప్పు అన్నయ్యదని గానీ పెద్దమ్మదని గానీ నేను రాయలేను. ఆవిడకి కూడా జీవితంలో ఎవరూ సెలవివ్వలేదు. ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేస్తే "గంట ఆవు దగ్గర మజ్జిగ తాగావంటగా. ఉప్పేసుకున్నావా?" అని అడిగింది. అటు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఇద్దరూ ఆ మజ్జిగ గురించి, ఆవుల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. "తిన్నావా, తిన్నాను" కాకుండా వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను విన్నది అదే.

మనం చెయ్యగలిగింది

వచ్చే ఏడాది ఈపాటికి మన బ్యాచ్‌లో కొందరు బయటి దేశాల్లో ఉంటారు, కొందరు హైదరాబాద్, బెంగుళూరుల్లో ఉంటారు. ఎక్కడున్నా ఇదే పరిస్థితి. అందుకని రెండు విన్నపాలు.

ఒకటి: బయట ఉన్న సీనియర్లకి మెసేజ్ పెట్టేటప్పుడు ప్యాకేజీ ఎంత, ఏ కొండ ఎక్కారు అని మాత్రమే అడగకండి. మీ మంగళవారం ఎలా గడుస్తుంది, తెలుగులో మాట్లాడటానికి మనిషున్నారా, జ్వరమొస్తే కంచంలో అన్నం ఎవరు పెడతారు అని అడగండి. వాళ్లకి చెప్పుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది, మీకు నిర్ణయం తీసుకోవడానికి సరైన సమాచారం దొరుకుతుంది. వాళ్లు కొండ ఫొటో పెడితే "నీకేంటి మామా, ఎంజాయ్" అని రాసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ఒక్క మాటే ఇంకొకరు ఫొటో దాచుకోవడానికి కారణం కావచ్చు.

రెండు: ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను. ఆ బెంచీ మీద నలభై నిమిషాలు నేను కూర్చోలేకపోయాను. నాకు ఇరవై ఏళ్లు, అప్పు లేదు, మేనేజర్ లేడు, అయినా చేతకాలేదు. మన దగ్గర సెలవు దొరికితే కోడింగ్ టెస్టో, బ్యాక్‌లాగో, కనీసం వెబ్ సిరీసో ఉండాలి. ఖాళీగా కనిపిస్తే "ఏంట్రా, ఏ పనీ లేదా?" అని పక్క రూమ్ వాడే అడుగుతాడు. ఇంట్లో ఆ ప్రశ్న పెద్దమ్మ అడుగుతుంది, హాస్టల్లో మనమే అడుగుతున్నాం.

మన హాస్టల్ డాబా మీద నుంచి పడమటి వైపు చూస్తే కొండవీడు కొండలు కనిపిస్తాయి. ఒకప్పుడు రెడ్డిరాజుల రాజధాని. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, పైన చెరువులున్నాయి, కూలిన కోటగోడలున్నాయి. నాలుగో సంవత్సరంలోకి వచ్చాను, రోజూ దానివైపు తిరిగే పళ్లు తోముకుంటాను, ఇప్పటికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆల్ప్స్‌కి మాత్రం వెళ్లొచ్చాను.

వచ్చే రెండో శనివారం వెళ్తున్నాను. పొద్దున్న ఆరున్నరకి గేటు దగ్గర. నడవగలిగినంత దూరం నడుద్దాం, తర్వాత ఎక్కడో నీడ చూసుకుని కూర్చుందాం. మజ్జిగ నేను తెస్తాను, ఉప్పూ కరివేపాకూ వేసి. ల్యాప్‌టాప్‌లు తేవద్దు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ఎత్తి, కొండ మీద ఉన్నామని చెప్పండి.